ఉపవాసం చెడదనుకున్న బిళ్ల

మా మేనత్త పోయింది. తెనాలి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను బాపట్లలో ఒక ఇంటి కూడికలో వాక్యం చెబుతున్నాను. గ్రంథం మూసి, "మా అత్త వెళ్లిపోయిందమ్మా" అన్నాను. "ప్రభువు పిలుచుకున్నాడయ్యా" అన్నారు అక్కడివాళ్లు. ఓదార్పు మాటే. కానీ నా నోరు ఆమేన్ అనలేదు. కడుపులో పుండు పగిలి, రక్తం లోలోపలే కారి, మనిషి పోయిందని ఫోన్‌లోనే చెప్పారు. ఆ పుండు చేసింది మోకాళ్ల నొప్పికి కొనుక్కున్న బిళ్ల. ఆ నేరం ప్రభువు మీదకి తోసే ధైర్యం నాకు లేదు.

నిజాంపట్నంలో చేపలు ఎండబెట్టే చోట ఆమె బతుకంతా వంగే గడిచింది. పొద్దున పరిచిన చేపల్ని ఎండ నెత్తికెక్కాక తిరగేయడం, మబ్బు పడితే పరుగెత్తి పట్టా కప్పడం. ఆదివారం మాత్రం చేతులకి నిమ్మచెక్క రుద్దుకుని మందిరానికి వచ్చేది. "చేపల వాసన దేవుడికి కొత్తేం కాదు గానీ, పక్కన కూర్చునే వదినకి పడదు" అని నవ్వేది.

నేను ఏ బైబిలు కళాశాల గడపా తొక్కినవాణ్ణి కాదు. అక్షరాలు కూడబలుక్కుని సొంతంగా వాక్యం నేర్చుకున్నాను. మొదటిసారి నిలబడి చెప్పిన రోజు వెనక కుర్రాళ్లు ఇకిలించారు. అత్త ముందు చాప మీద కదలకుండా కూర్చుంది. అయ్యాక బయట చెయ్యి పట్టుకుని, "బాగానే చెప్పావు గానీ గొంతు తగ్గించరా అల్లుడూ, దేవుడికి చెముడు లేదు" అంది. నా గొంతు ఇవాళ్టికీ తగ్గలేదు. ఈ సంగతిలో తగ్గించను కూడా.

శుక్రవారం మా ఆడవాళ్లకి ఉపవాస ప్రార్థన. సాయంత్రం దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టరు, గంటల తరబడి మోకాళ్ల మీదే ఉంటారు. అరిగిన మోకాళ్లు ఊరుకుంటాయా? ప్రతి కొంగు ముడిలోనూ కత్తిరించిన నొప్పి బిళ్లల షీటు ముక్కలుంటాయి. ఒకరు ముడి విప్పితే చుట్టూ ఉన్నవాళ్లందరికీ మందు. "ఇది వేసుకో వదినా, నాకు చిటికెలో లాగేసింది." పరగడుపున ఎట్లా అని కొత్త కోడలెవరైనా సందేహపడితే మా అత్తే తీర్పు చెప్పేది: "బిళ్ల తిండి కాదుగా, ఉపవాసం చెడదు!"

ఉపవాసం చెడలేదు. కడుపు చెడింది.

ఆమధ్య పడిశం, ఒళ్లునొప్పులని పక్కింటి అక్కతో ఆటోలో రేపల్లె వెళ్లి ఇంకో రకం బిళ్లలు తెచ్చుకుంది. "ఇంకేమన్నా మందులు వాడుతున్నావా అమ్మా?" అని మందుల కొట్టతను అడిగాడట. "ఏం లేదు బాబూ" అందట. అబద్ధం కాదు. మోకాళ్ల బిళ్ల ఆమె లెక్కలో మందే కాదు, వక్కపలుకు లాంటిది.

తర్వాత విరేచనం తారులా నల్లగా అవుతోందని ఆ అక్కతోనే అంది. "ఎవరికీ చెప్పకే. మా అల్లుడికి తెలిస్తే ప్రసంగం మొదలెడతాడు" అని నవ్విందట కూడా. సమాధి దగ్గర నుంచి తిరిగొస్తూ అక్క ఈ మాట నాకు చెప్పింది.

అత్త పోయిన రోజు నేను తెనాలి చేరేసరికి డాక్టరమ్మ అత్త కొంగులో దొరికిన ముక్కలు బల్ల మీద పరిచి ఉంచింది. కొన్నింటి మీద పేరు లేదు, గడువు తేదీ లేదు. కత్తెర తినేసింది. పేరున్న రెండు ముక్కలు నా ముందుకి జరిపి, "పేర్లు వేరండి, లోపలున్న నొప్పి మందు ఒకటే. రెండూ కలిపి వేసుకున్నారు, అదీ ఖాళీ కడుపున" అంది.

చదివే తల్లులారా, అన్నలారా, మందుల కొట్టుకి పోవడం పాపం కాదు. జలుబుకీ జ్వరానికీ అందరం పోతాం. కానీ మీరు వాడే ప్రతి బిళ్లా అక్కడ చెప్పండి, బీపీదైనా, మోకాళ్లదైనా. పేరూ గడువూ ఉన్న వైపు కత్తిరించకుండా ఇమ్మనండి. లోపల ఏ మందుందో అడగండి. నొప్పి బిళ్ల పరగడుపున వద్దు. తిన్నాక వేసుకున్నా కొందరి కడుపుకి అది పడదు, రోజూ కావాల్సి వస్తోందంటే డాక్టరుకి చూపించుకోండి. ఒకరి మందు ఇంకొకరికి పంచడం ప్రేమ కాదు. నల్లటి విరేచనం కనబడితే సిగ్గు వదిలి ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తండి. దేవుడు ఉపవాసం అడిగాడు గానీ, మీ పేగులు అడగలేదు.

అత్త లేని మొదటి శుక్రవారం ఇవన్నీ గొంతు చించుకుని చెప్పాను. తలుపు దగ్గర గంజి గిన్నె పెట్టించి, "బిళ్ల వేసుకోవాల్సినవాళ్లు ముందు ఇది తాగండమ్మా, ఉపవాసం ఇంకోనాడు చేద్దురు గాని" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. పక్కింటి అక్క అందరికంటే గట్టిగా అంది. కళ్లు తుడుచుకుని మోకాళ్ల మీదకి వంగారు. అత్త కూర్చునే చోట చాప ఖాళీగా ఉంది. ప్రార్థన మొదలైంది.

సగంలో అందరం మౌనంగా ఉన్నప్పుడు, వరసల్లో ఎక్కడో బిళ్ల రేకు చిట్లిన చప్పుడు. టప్.

కళ్లు తెరిచాను. అందరి కళ్లూ మూసే ఉన్నాయి. గంజి గిన్నె మీద పెట్టిన మూత పెట్టినట్టే ఉంది.