నడుము నొప్పి అనుకున్న రోజులు

ఆ రోజు బస్సు రేగొండ దాటి పరకాల వైపు పోతోంది. వాన పడుతుండడంతో అద్దాలన్నీ మూసేశారు. నాట్లకు పోయే ఆడవాళ్లతో బండి కిక్కిరిసి ఉంది. ఎవరికో చిల్లర ఇస్తుంటే నాణెం జారి కింద పడింది. తీద్దామని వంగిన దాన్ని వెంటనే లేవలేకపోయాను. వెనక నుంచి ఎవరో తాడు వేసి పక్కటెముకల చుట్టూ బిగించినట్టయింది. సీటు కడ్డీ పట్టుకుని మెల్లగా లేచాను. కాసేపటికి ఆ పట్టు వదిలింది. పరకాల బస్టాండులో చాయ్ తాగేసరికి దాని సంగతే మరిచిపోయాను.

నా పేరు సరోజ. భూపాలపల్లిలో కండక్టర్‌ని. మాది మానుకోట దగ్గర ఒక తండా. మహబూబాబాద్‌ని మేమింకా మానుకోట అనే అంటాం. ఉద్యోగం వచ్చాక భూపాలపల్లిలోనే ఉంటున్నాం. మా ఆయన వీరన్న కరెంటు పని చేస్తాడు. మాకొక పాప.

నొప్పి మళ్లీ వచ్చింది. మొదట వారానికోసారి, తర్వాత రోజూ. ఎవరడిగినా నడుము నొప్పి అనేదాన్ని. మన దగ్గర మెడ కింద నుంచి తుంటి దాకా ఎక్కడ నొచ్చినా నడుము నొప్పే కదా. పైగా నేను కండక్టర్‌ని.

"నడుము నొప్పి లేని కండక్టర్ ఎవలున్నరు చెప్పు? పొద్దంత నిలబడి ఊగుడేనాయె" అన్నాడు వీరన్న. తోటి కండక్టర్లూ అదే మాట. ఆడవాళ్లకు టికెట్ లేకుండా అయినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే చోటు ఉండడం లేదు, అందుకే అన్నారు. నాకూ నిజమే అనిపించింది.

వాడకట్టులో ఉండే ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నాను. రెండు రోజులు హాయిగా ఉండేది, మూడో రోజు మామూలే. తర్వాత ఒక దవాఖానలో ఎక్స్‌రే తీశారు. అక్కడి డాక్టర్ దాన్ని వెలుగుకు పెట్టి చూసి, "నడుము మంచిగనే ఉందమ్మా. కాల్షియం తక్కువుంటది. బెల్టు పెట్టుకో" అన్నాడు. బెల్టు పెట్టుకున్నాను. దానికీ నా నొప్పికీ ఏ సంబంధమూ ఉన్నట్టు అనిపించలేదు. అయినా బిగించుకుని డ్యూటీకి పోయేదాన్ని.

సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. అలసట అనుకున్నాను. అన్నం సయించేది కాదు. జాకెట్లు వదులయ్యాయి. "సన్నబడ్డవ్ సరోజక్కా, ఏం తింటున్నవ్?" అని డిపోలో అమ్మాయిలు అడిగితే, సిగ్గులేకుండా సంతోషపడ్డాను కూడా.

శివరాత్రి దగ్గర పడుతున్న రోజుల్లో ఒక పొద్దున రేగొండలో జనాన్ని ఎక్కించి లోపలికి నడుస్తున్నాను. వెనక మెట్టు దగ్గర నుంచి ఒక ముసలవ్వ కేకేసింది.

"ఓ కండక్టరమ్మా! నీ చెప్పు గీడనే పడ్డది బిడ్డా. చూసుకోవేంది?"

కిందికి చూశాను. నా కుడికాలికి చెప్పు లేదు. ఎప్పుడు జారిందో తెలియలేదు. ఉత్త పాదంతో బస్సులో సగం దూరం నడిచాను, కింద ఇనుప రేకు చల్లగా ఉందో వేడిగా ఉందో కూడా తెలియలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే చెమటలు పట్టాయి.

మా డ్రైవర్ కొమురయ్య అన్న అద్దంలో అంతా చూశాడు. ఆయనది జనగామ. నేను ఈ రూటులోకి వచ్చినప్పటి నుంచి మా ఇద్దరికీ ఎక్కువగా ఒకే బండి పడేది. నొప్పి మొదలయ్యాక గుంత వచ్చే ముందు "చెల్లే, పట్టుకో" అని అరిచేవాడు. హన్మకొండలో బండి ఆపి నా దగ్గరికి వచ్చాడు.

"చెల్లే, గిది నడుము నొప్పి కాదు. కాలికి తెలుస్తలేదంటే జర సోంచాయించు. సెలవు పెట్టు."

సెలవు పెట్టాను, కానీ దవాఖానకు పోలేదు. తండాకు, అమ్మ దగ్గరికి పోయాను. కొన్నాళ్లు పడుకుంటే తగ్గుతుందనుకున్నాను.

మా ఇంట్లో మాట్లాడేది లంబాడీ. అమ్మను యాడి అంటాం. ఆమె మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. యాడి చేతులకు మోచేతి పైదాకా గాజులు. చిన్నప్పుడు ఆ గాజుల చప్పుడును బట్టే ఆమె ఇంట్లో ఉందో, చేనుకు పోయిందో మాకు తెలిసేది. ఆ రోజు నన్ను మంచం మీద బోర్లా పడుకోబెట్టి, గోరువెచ్చని నూనె తీసుకుని వీపు మీద రాయడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికి, కింద నుంచి పైకి గాజులు గలగలమంటున్నాయి. నాకు నిద్ర పట్టబోతోంది. ఉన్నట్టుండి గాజులు ఆగిపోయాయి.

"బిడ్డా, నడుము అన్నవ్ కదా?"

"ఊఁ."

"గిది నడుము కాదు, వీపు. గీడ ఒక పూస లేచొచ్చినట్టున్నది."

ఆమె వేలు నొక్కగానే నేను కేక పెట్టాను. అక్కడే, సరిగ్గా అక్కడే. బెల్టు కట్టుకునే చోటుకు జానెడు పైన. యాడి నూనె గిన్నె పక్కన పెట్టి తమ్ముణ్ని పిలిచింది. మర్నాడు వీరన్న కూడా వచ్చాడు. తమ్ముడు, వీరన్న, నేను కలిసి హన్మకొండలో వెన్నెముక డాక్టర్ దగ్గరికి పోయాం.

ఆమె నాకంటే చిన్నది. ఎక్కడ నొప్పి అని అడిగింది. నడుము అన్నాను. "వేలు పెట్టి చూపించండి" అంది. చూపించాను. తర్వాత మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టింది. కాళ్లు ఎగిరిపడ్డాయి. పిన్నుతో ఛాతీ నుంచి కిందికి గుచ్చుతూ వచ్చింది. బొడ్డు దాకా చురుక్కుమన్నది. ఆ కింద మొద్దుగా తెలిసింది, బట్ట మీద నుంచి గుచ్చినట్టు.

"సాయంత్రం జ్వరం వస్తుందా? బరువు తగ్గారా?"

ఆ రెండూ ఆమెకెలా తెలిశాయా అనుకున్నాను. ఎంఆర్‌ఐ తీయించమంది.

రిపోర్టు వచ్చాక ఆమె టేబుల్ మీది ప్లాస్టిక్ వెన్నెముకను నా ముందు పెట్టింది.

"చూడండమ్మా. మెడలో ఏడు పూసలు. పక్కటెముకలు అతుక్కునే చోట పన్నెండు. నడుములో అయిదు. కింద త్రికం, అది అయిదు పూసలు కలిసిపోయి ఒకటే ఎముక అయింది. చివర తోక ఎముక. రెండు పూసల నడుమ మెత్తగా ఉన్నది డిస్క్. వెనక ఈ సందులోంచి స్పైనల్ కార్డ్ దిగుతది. మెదడు నుంచి కాళ్లకు పోయే నరాలన్నీ ఇందులోంచే పోవాలె. మీ జబ్బు ఇక్కడుంది, డి నైన్, డి టెన్ దగ్గర, అంటే పక్కటెముకల పూసల్లో తొమ్మిదోది, పదోది. రెండు పూసలు దెబ్బతిన్నయి, నడుమ డిస్క్ పాడైంది. చీము చేరి కార్డును నొక్కుతుంది. బొడ్డు దగ్గరి చర్మానికి వచ్చే నరం కూడా వీపు నుంచే వస్తది. అందుకే అక్కడి నుంచి మొద్దుబారింది."

"మరి ఎక్స్‌రేలో ఏం లేదన్నరు కదా మేడం" అన్నాడు వీరన్న.

"తీసింది నడుముకు. నడుములో ఏం లేదు కాబట్టి ఏం కనిపించలేదు."

వీరన్న ప్లాస్టిక్ ఎముక మీద ఆమె వేలు పెట్టిన చోటునే చూస్తూ ఉండిపోయాడు.

సూదితో ముక్క తీసి బయాప్సీకి పంపారు. స్పైన్ టీబీ అని తేలింది. ఆ మాట వినగానే నాకు ముందు పాప గుర్తొచ్చింది. వీరన్నే అడిగాడు, "పాపను దగ్గరికి రానియ్యొచ్చా మేడం?" ఛాతీ ఎక్స్‌రే, తెమడ పరీక్ష రెండూ చేయించి, ఊపిరితిత్తుల్లో లేదని చూసుకుని, "ఎముకలో ఉన్నది పక్కనోళ్లకు అంటుకోదు. పాపను పక్కలో పడుకోబెట్టుకోండి" అందామె. చుట్టాల్లో కొందరు మాత్రం గడప దగ్గరే నిలబడి మాట్లాడి పోయారు.

"కాళ్లలో పవర్ ఇంకా ఉంది. టాబ్లెట్లు మొదలుపెట్టి చూద్దాం. పూర్తిగా మంచం మీదనే ఉండాలె. పవర్ తగ్గితే మాత్రం ఆపరేషన్ తప్పదు" అని పంపించింది. భూపాలపల్లిలో నన్ను చూసుకునేవాళ్లు లేరు. పాప వీరన్న దగ్గర, నేను యాడి దగ్గర.

అలా ఆ ఎండాకాలమంతా తండాలో వెల్లకిలా గడిచింది. స్నానం, అన్నం, అన్నీ మంచం మీదే. పాపకు తల్లినైన నేను మళ్లీ యాడికి పాపనయ్యాను. జొన్నరొట్టె తుంచి, పప్పులో ముంచి నోట్లో పెట్టేది. వద్దంటే చిన్నప్పటి తిట్లే తిట్టేది. పొద్దున్నే దుప్పటి కింద చెయ్యి పెట్టి నా కాలివేలు ఒకటి పట్టుకునేది.

"ఏ వేలు?"

"బొటనవేలు."

"ఇప్పుడు?"

"చిటికెనవేలు."

"తప్పు. రెండు పట్టుకున్న" అని నవ్వేది. నాకు కోపం వచ్చేది, ఆమె నవ్వు చూసి పోయేది.

ఒక వారం వాంతులు పట్టుకున్నాయి. కళ్లు పచ్చబడ్డాయని ముందు తమ్ముడే చూశాడు. రక్త పరీక్షలో లివర్ దెబ్బతిన్నదని వచ్చింది. డాక్టర్ ఫోన్‌లో, "టాబ్లెట్లన్నీ ఆపండి. మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టొద్దు, నేను చెప్తా" అని, హన్మకొండకు పిలిపించి అడ్మిట్ చేసుకుంది. జబ్బును ఆపే మందే ఆగిపోయింది. లివర్ తేరుకునేలోపు కాళ్లు పడిపోతే? ఆ రోజుల్లో యాడి వేళ్ల ఆట ఆడలేదు. దుప్పటి కింద చెయ్యి పెట్టి, ఏమీ అడగకుండా నా పాదం పట్టుకుని కూర్చునేది. నేనే, "నీ చెయ్యి బొటనవేలు పక్కదాని మీదున్నది" అని చెప్పేదాన్ని.

కళ్ల పచ్చదనం తగ్గాక ఒక్కొక్క టాబ్లెటే మళ్లీ మొదలుపెట్టారు. ఒకటి ఇవ్వడం, రక్తం చూడడం, ఇంకొకటి ఇవ్వడం. ఈసారి ఒంటికి పట్టాయి. కాళ్ల బలం ఎక్కడిదక్కడే ఉంది. ఆపరేషన్ అవసరం రాలేదు.

తండాకు తిరిగొచ్చాక కొమురయ్య అన్న చూడడానికి వచ్చాడు. జనగామ నుంచి రైలెక్కి, మానుకోటలో దిగి ఆటోలో వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఊరి కబుర్లు చెప్పినట్టు రూటు కబుర్లు చెప్పాడు. ఏ మలుపు దగ్గర రోడ్డు వేశారు, ఏ స్టేజీ దగ్గర కొత్త హోటల్ పడింది, అన్నీ.

"రేగొండ అవ్వ రోజు అడుగుతది, చెప్పు పారేసుకున్న కండక్టరమ్మ ఏది అని. ఎట్లున్నదో నువ్వే చెప్పు అంటది. ఏం చెప్పాలె?"

"లేస్తది అని చెప్పన్నా" అన్నాను. తలుపు చాటున యాడి కొంగుతో కళ్లు ఒత్తుకోవడం కనిపించింది.

వానలు పడ్డాక బ్రేస్ తొడిగి నిలబడమన్నారు. అది గట్టి చొక్కాలాంటిది, ఛాతీ నుంచి తుంటి దాకా. గోడ పట్టుకుని నిలబడ్డ మొదటి రోజు ఇల్లంతా గిర్రున తిరిగింది. కొన్నాళ్లకు వాకిలి దాకా నడిచాను. అంతలో తండాలో తీజ్ పండుగ వచ్చింది. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, నీళ్లు పోసి మొలకెత్తిస్తారు, చుట్టూ ఆడి పాడతారు. ఒకప్పుడు నేనూ బుట్ట మోసిన దాన్నే. నా మొలకలే అందరికంటే ఎత్తు పెరిగాయని యాడి తండా అంతా చెప్పుకునేది. ఆ ఏడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "ఆడకు, చూడు" అంది. పాట సగంలో నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. ఆడలేదు. నిలబడి పాట అందుకున్నాను, అంతే. యాడి నా వైపు రాలేదు, కూర్చోమని అనలేదు. పక్కకు తిరిగి తనూ గొంతు కలిపింది.

టాబ్లెట్లు ఏడాదికి పైగా మింగాను. బాగయ్యానని ఆపేద్దామనిపించిన రోజులున్నాయి. ఆపలేదు. చివరి ఎంఆర్‌ఐలో చీము లేదు. పాడైన రెండు పూసలూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అక్కడ వీపు కొంచెం వంగే ఉంటుందని డాక్టర్ చెప్పింది. జాకెట్ కుట్టే ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నాకు భూపాలపల్లి బస్టాండులో విచారణ కౌంటర్ డ్యూటీ ఇచ్చారు. కూర్చుని చేసే పని. కొమురయ్య అన్న రిటైరై జనగామలోనే ఉంటున్నాడు. హన్మకొండ బండి కదిలేటప్పుడు ఆ ఇంజన్ చప్పుడుకు ఇప్పటికీ నా చెయ్యి టికెట్ మిషన్ కోసం వెతుకుతుంది. ఆ గుంతలూ, ఆ తోపులాటా, నాట్ల కాలంలో బురద కాళ్లూ, అన్నీ కావాలనిపిస్తాయి. యాడి ఫోన్ చేస్తే ఒక్కోసారి అంటుంది, "నువ్వు పండుకున్న రోజులే మంచిగుండె బిడ్డా. ఇంట్ల మనిషుండె." ఏం మాటలవి అని కసురుతాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ మంచం, ఆ జొన్నరొట్టె వాసన చాలాసేపు వదలవు.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్పదలిచాను. వీపులో నొప్పి తగ్గకుండా ఉంటే డాక్టర్ దగ్గర నడుము నొప్పి అని ఊరుకోకండి. అద్దం ముందు నిలబడో, ఇంట్లోవాళ్ల చేత నొక్కించుకునో సరిగ్గా ఎక్కడో తెలుసుకుని, అక్కడ వేలు పెట్టి చూపించండి. సాయంత్రం జ్వరం వస్తున్నా, మనిషి తగ్గిపోతున్నా అదీ కలిపి చెప్పండి. మొదట్లో నన్ను ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకు తెలియలేదు. నాట్ల నుంచి శివరాత్రి దాకా నా జబ్బు నాతోపాటే బస్సులో తిరిగింది.