క్రొయేషియాకూ లిథువేనియాకూ నేనే దుబాసీ

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదు. ఇరవై నాలుగేళ్ల వయసు, జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఒమాన్‌లోని నిజ్వా సైట్‌లో హెల్పర్ పని. అయినా ఎవరైనా "నీకిది వచ్చా?" అని అడిగితే "రాదు" అనడానికి నాకు నోరు తిరిగేది కాదు. ఇప్పుడు ఏదడిగినా ముందు రాదనే చెబుతాను. ఆ బుద్ధి రావడానికి నా ఉద్యోగం పోలేదు, ఇంకొకాయనది పోయింది. అక్కడే వచ్చింది చిక్కు.

నిజ్వాలో మా ఇంజనీరు క్రొయేషియా ఆయన. ఎవరు తొందరపడినా "పొలాకో, పొలాకో" అనేవాడు, నెమ్మదిగా అని. అందుకని ఆయన మాకు పొలాకో సార్ అయ్యాడు. ఆయన వెంట కొలత టేపు పట్టుకుని తిరుగుతూ ఓ నలభై మాటలు పోగేశాను. నీళ్లంటే వోదా, కాఫీ అంటే కావా, కాదు అంటే నె. ఆయన భుజం తడితే రూమ్‌లో అందరికీ ఆ భుజం చూపించేవాణ్ణి. నాకు యూరప్ భాష వచ్చన్న పుకారు పుట్టించింది మరెవరో కాదు, నేనే. ఆ పుకారు నాకంటే ముందే సీబ్‌లో ఉన్న మా కంపెనీ యార్డుకు చేరింది. అక్కడికి బదిలీ అయిన వారంలోనే మేనేజర్ గారు కబురు పంపారు. ఆయనది కాకినాడ. నా మాట విని ఆయన నవ్వేవారు, ఆయన మాట విని మేం వెనక నవ్వుకునేవాళ్లం. యార్డులో క్రేన్లు చూసుకునే ముసలి మెకానిక్‌ది లిథువేనియా, ఆయన్ని అందరూ తాత అనేవాళ్లు. తాతకు ఇంగ్లీషు రాదు, హిందీ రాదు. (ఇప్పటిలా ఫోన్ ముందు పెడితే అదే అనువదించి పెట్టే కాలం కాదు.)

"ఏవయ్యా, నీ పొలాకో సారుది క్రొయేషియా, మా తాతది లిథువేనియా. రెండు భాషలూ ఒకటేనంటావా?"

"ఒక్కటే సార్. జర పలుకుట్ల తేడా ఉంటది."

"అంటే మీ జగిత్యాలకీ మా కాకినాడకీ ఉన్నంత తేడా అన్నమాట."

"గంతే సార్. యాస తేడా."

ఇద్దరం మహాపండితుల్లా తలలూపాం. "అయితే రేపట్నుంచి ఆఫీసులో కూర్చో. మూడు నెల్లు చూసి పర్మనెంటు చేస్తాను" అన్నారు. ఏసీ గది, తిరిగే కుర్చీ. ఒమాన్ ఎండలో కడ్డీలు మోసినవాళ్లకు ఆ కుర్చీ విలువ చెప్పనక్కర్లేదు.

తాతతో మొదటి సంభాషణలోనే నా సిద్ధాంతం నెగ్గింది. ఆయన కూడా కాఫీని కావా అన్నాడు! (ఆ లెక్కన కాఫీని గహ్వా అనే ఒమానీ వాచ్‌మన్ కూడా వాళ్ల చుట్టమే కావాలి, నా బుర్ర అంతదూరం పోలేదు.) ఆ తర్వాత మాత్రం ఒక్కటీ కలవలేదు. నీళ్లను వందువో అన్నాడు. పన్ను చూపించి దంతిస్ అన్నాడు, పైన దేవుడున్నాడన్నట్టు ఆకాశం చూపించి దియేవస్ అన్నాడు. ఆ ప్రకారం తాతకు పొలాకో సార్ కంటే సంస్కృతం చదివిన మా ఊరి పంతులే దగ్గర. కానీ ఆ మాట బయటపెడితే కుర్చీ పోతుంది. నోరు మూసుకున్నాను.

ఒకరోజు పెద్ద క్రేన్ దగ్గర తాత గొంతు పెంచి మాట్లాడుతున్నాడు. పైపులు వెంటనే సైట్‌కు పంపాలని మేనేజర్ గారి తొందర. "ఏవంటున్నాడయ్యా?" అన్నారు. నాకు అర్థమైంది ఒక్కటే మాట, నె. ఎంత దూరపు భాషలైనా కాదనడానికి మాత్రం రెండిట్లోనూ అదే మాట. తాత నాలుగుసార్లు అన్నాడు. మేనేజర్ గారి మొహం చూస్తే వద్దన్న కబురు చెప్పబుద్ధి కాలేదు. "నడుస్తదంటుండు సార్, జర మెల్లగ నడుపుమంటుండు" అన్నాను. పొలాకో సార్ మాట తీసి తాత నోట్లో పెట్టాను. చెకింగ్ కాగితం మీద తాత మాటగా అదే రాసి, కింద దుబాసీగా సంతకం కూడా చేశాను.

గంట తిరక్కుండా క్రేన్ బ్రేకు జారి, పైపుల కట్ట వెళ్లి మేనేజర్ గారి కొత్త కారు మీద పడింది. కారులో ఎవరూ లేరు. ఆయన కారు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుంటే యార్డంతా మొహాలు తిప్పుకుని నవ్వింది. నేనూ నవ్వాను, ఆయన ఆ కాగితం తెమ్మనేదాకా.

విచారణకూ దుబాసీ నేనే. తాత పది నిమిషాలు మాట్లాడాడు. బ్రేకు పట్టనట్టు చేత్తో చూపించాడు, రెండు చేతులూ అడ్డంగా ఊపాడు, చివరికి నా వైపు తిరిగి "నువ్వు చెప్పు" అన్నట్టు చూశాడు. అది అర్థం కావడానికి ఏ భాషా రానక్కర్లేదు. నాకు పూర్తిగా అర్థమైంది. నేను చేతులు జోడించి చాలాసేపు మాట్లాడాను.

"తప్పు ఒప్పుకుంటుండు సార్. పెద్దమనిషి, మాఫ్ చెయ్యుమంటుండు. మీరే దయ చూడాలె సార్."

"దయ చూస్తే నా కారొస్తుందా? వీసా కేన్సిల్ చేసి పంపించేయండి."

అంతే. తాత పని అయిపోయింది, నాకు మూడు నెలలు నిండకుండానే పర్మనెంటయింది.

తాత వెళ్లే రోజు ఎయిర్‌పోర్టు వ్యాన్ ఎక్కించడానికి కూడా నన్నే పంపారు. తిడతాడనుకున్నాను, కొడతాడేమోనని కాస్త దూరంగానే నిలబడ్డాను. ఆయన సంచీ కింద పెట్టి, విచారణలో నేను చేతులు జోడించిన తీరు అచ్చంగా చేసి చూపించాడు. నన్ను చూపించి, చెయ్యి గుండె మీద వేసుకున్నాడు. అంత పెద్ద యార్డులో తన తరఫున బతిమాలిన మనిషిని నేనొక్కణ్ణేనని నమ్మాడు. గట్టిగా కావలించుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. తను వెళ్లిపోతున్నందుకే అనుకుని, వీపు నిమిరి ఓదార్చి మరీ వ్యాన్ ఎక్కాడు.

ఇప్పుడు అదే ఆఫీసులో నా జుట్టు నెరుస్తోంది. ఒక్కోసారి ఆ ఇరవై నాలుగేళ్ల మహాపండితుణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను, తాత ఎంత మంచివాడు, పోతూ పోతూ వీణ్ణి క్షమించేశాడు అని. క్షమించలేదు. క్షమించాలంటే ఆయనకు అసలు సంగతి తెలియాలి కదా.