టైగర్ కోసం రెండు సాక్ష్యాలు

పూతరేకుల పెట్టె విప్పగానే వచ్చే నెయ్యి వాసనకి ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం మందు గుర్తొస్తుంది.

అమ్మ కువైట్‌లో పనికి వెళ్లాక రాజోలు దగ్గర మా ఇంట్లో మామ్మా, నేనూ, టైగరూ మిగిలాం. పేరుకే టైగర్, పిల్లి ఎదురొస్తే దారిచ్చే కుక్క అది. మధ్యాహ్నాలు కొబ్బరికాయల పాకలో, ఎండిన పీచు డొక్కల వాసనలో, పైన పావురాల సందడి వింటూ, దాని పొట్టమీద తల పెట్టుకుని, అమ్మ గుర్తొస్తే అక్కడే ఏడ్చి అక్కడే నిద్రపోయేదాన్ని.

ఓ వానాకాలం టైగర్ మెడ పక్కకి వాల్చి, గుండ్రంగా తిరుగుతూ గోడలకి గుద్దుకోవడం మొదలెట్టింది. పిచ్చెక్కిందన్నారు ఇరుగుపొరుగు. మామ్మ ఆ మాట చెవిన పెట్టక దాన్ని ఆటోలో అమలాపురం తీసుకెళ్లింది. పశువుల డాక్టరుగారు వెన్నులోంచి నీరు తీయించి పరీక్షకి పంపారు. ఇది పిచ్చి కాదనీ, పావురాల రెట్టలో పెరిగే బూజు ముక్కులోంచి మెదడుకెక్కిందనీ, తగ్గినట్టు కనిపించినా నెలల తరబడి మందు ఆపకూడదనీ చెప్పారు.

చేదుకి టైగర్ మందు ఉమ్మేసేది. అందుకని మామ్మ పూతరేకు మీద తడిగుడ్డ అద్ది, నెయ్యి రాసి, క్యాప్సూల్‌లోని పొడి అందులో చుట్టి పెట్టేది. నాకు ఉత్త రేకు ముక్కే దక్కేది. ఆ భోగం చూసి కుళ్లుకునేదాన్ని.

మెల్లగా మెడ నిలిచి, ఒకరోజు అది గుమ్మం దాకా తిన్నగా నడిచొచ్చింది. ఆ ఆదివారమే మామ్మ చర్చిలో లేచి, ముసుగు సర్దుకుని, దేవుడు స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పింది. సంఘం ముందు అలా చెప్పాక ఇంకా మందేస్తే దేవుణ్ణి నమ్మనట్టేనని ఆపేసింది కూడా. కొన్నాళ్లకే టైగర్ మళ్లీ కూలబడింది. కళ్లు తెరిచే ఉన్నా నన్ను చూడడం లేదు. నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే మామ్మ వెళ్లి మళ్లీ మందు చుట్టడానికి రేకు తడిపింది.

మరుసటి ఆదివారం మామ్మ చర్చిలో మళ్లీ లేచి నిలబడింది.

“దేవుడు మాట తప్పలేదండి. నేనే తొందరపడి చెప్పేసేను. మా టైగరుకి ఇంకా మందెయ్యాలండి, మీరూ ఇంకా ప్రార్థన చెయ్యాలండి.”

పాస్టరుగారు నవ్వలేదు. “ఆయ్, చేద్దామండి మామ్మగారూ” అన్నారు.

టైగర్ బతికింది. మెడ కాస్త వంకరగానే ఉండిపోయి, ఎదురైనవాళ్లని ఏదో అడుగుతున్నట్టు చూసేది. అమ్మ సెలవుకి వచ్చినప్పుడు నాకంటే ముందు గేటు దాకా ఎదురెళ్లింది.

ఇప్పుడు పాక ఉన్నచోట చేపల చెరువుంది. టైగరూ లేదు, మామ్మా లేదు. సాక్ష్యాలు ఫోన్లలో కూడా వినిపిస్తున్నాయి, అన్నీ గెలిచినవాళ్లవే. ఒక కుక్క బతకాలని, నాది తప్పయిందండీ అని నలుగురిలో లేచి చెప్పే గొంతు మాత్రం మళ్లీ వినలేదు.