తీపి పోయేదాకా

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో చెరుకురసం తీపి కొలిచే ఆత్మారాం, ఇంట్లో పచ్చద్రాక్షతో తెల్ల వైన్ చేస్తాడు. నిరుడు చెరుకును పిండినట్టే ఆఖరి చుక్కదాకా పిండాడు. గింజలు నలిగి చేదైంది. ఈసారి చేత్తో మెత్తగా నొక్కి, తొలిరసమే పట్టి, భార్య శంకరమ్మ తొక్కుజాడీలో పులియబెట్టాడు. తొక్కు పచ్చడికి మామిడికాయలు దిగేలోపు జాడీ ఖాళీ చేయాలని ఆమె హుకుం. రోజూ డ్యూటీ దిగి, చెప్పులైనా విడవకుండా జాడీకి చెవి ఆనిస్తాడు. ఇవాళ బుడగల చప్పుడు ఆగింది. ల్యాబులో తీపి కొలిచే గాజుగొట్టమే ముంచి చూస్తే తీపి సున్నా, చక్కెరంతా సారాయిగా మారి వైన్ తయారైంది. ఫ్యాక్టరీలో ఆ అంకె వస్తే తల పట్టుకునేవాడు, ఇక్కడ ఎగిరి గంతేశాడు. అతను పోసిచ్చిన గ్లాసందుకుని శంకరమ్మ గుటకేసింది.

“చేదున్నదా?” అన్నాడు.

“లేదు. పచ్చి మామిడికాయ కొరికినట్టున్నది.” ఇంకో గుటక వేసింది. “తొక్కుకు వేరే జాడి కొనుక్కరా.”