మూడోసారి పిలిచిన గొంతు

ఒక్క మాట అడుగుతాను, జవాబు మీ గుండెకే చెప్పుకోండి. అడవిలో దారి తప్పిన వాళ్ల సినిమాలు ఇంటిల్లిపాదీ కళ్లార్పకుండా చూస్తున్నారే... ఆ సినిమాల్లో తప్పిపోయిన వాళ్ల కోసం ఇంటి దగ్గర నుంచి ఎవరైనా వెతుక్కుంటూ రావడం ఎప్పుడైనా చూశారా?

నేనైతే పెద్దగా చూడలేదు. అక్కడ ఎవరి ప్రాణం వాళ్లే కాపాడుకోవాలి. అందుకే అవి చూసినప్పుడల్లా నాకు మా నాయన గుర్తొస్తాడు.

మా చిన్నప్పుడు... కుందుర్పి దగ్గర మా పల్లెలో ఎవరిదో పెళ్లికి టీవీ, సీడీ పెట్టె అద్దెకు తెచ్చి వీధిలో సినిమా వేశారు. తెలుగులోకి డబ్బింగ్ చేసిన సినిమా. పట్నం పిల్లలు కొందరు సరదాకి అడవికి పోయి దారి తప్పుతారు. నీళ్లు అయిపోతాయి. చెట్ల వెనక నుంచి తెలిసిన గొంతుతో ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. పలికి పోయినవాడు మళ్లీ రాడు. చివరికి ఒకమ్మాయి మాత్రం వాగు వెంబడి కిందికి నడిచి ఊరు చేరుతుంది.

మా పక్కన కూర్చున్న పక్కింటి అవ్వ ఆ పిల్లలను ఒకటే తిట్టడం...

"పలకొద్దురా. కొండలో దయ్యం ఒకసారే పిలుస్తాది. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు."

టీవీకి చెప్పి, మా వైపు తిరిగి మాకూ చెప్పింది. అవ్వ ఆదివారం ప్రార్థనకు వచ్చేది... మిగతా వారమంతా దయ్యాలకు భయపడేది.

ఆ తర్వాత కొన్నాళ్లకే సీతాఫలాల కాలం వచ్చింది. నేను, నా చెల్లెలు మార్త కొండకు పోయాం. నాకు తొమ్మిదేళ్లు, దానికి ఆరు. పండ్లు వెతుక్కుంటూ వెతుక్కుంటూ కొండకు అవతలి వైపు దిగిపోయాం. వచ్చిన దారి కనిపించలేదు.

నేను సినిమా చూసినవాణ్ని కదా... "వంక ఎంబడే కిందికి పోదాం పా, ఊరొస్తాది" అన్నాను.

మా సీమలో వాగును వంక అంటాం, దానికి నీళ్లుండవు. అది పోయే చోట ఊరు ఉండాలనీ లేదు. ఆ వంక మమ్మల్ని తీసుకుపోయి ఎండిన చెరువులో, కంపచెట్ల నడుమ వదిలిపెట్టింది. ఎటు చూసినా ముళ్లు.

మార్త "నీళ్లన్నా... నీళ్లన్నా..." అని ఏడ్చి ఏడ్చి, ఆఖరికి ఏడవడం కూడా మానేసింది. పెదాలు తెల్లగా పగిలిపోయాయి. నా ఒళ్లో తల పెట్టి పడుకుంది. పొద్దు వాలుతోంది.

అప్పుడు వినిపించింది... "ఏసోబూ..."

నా పేరే. దూరంగా. ఒక్కసారి.

మార్త తల ఎత్తింది. "అన్నా, నాయన పిలుస్తాండాడు."

"పలకొద్దు. ఒకసారే పిలిచినాడు."

"నాయన గొంతేనన్నా..."

"సినిమాలో గూడా తెలిసిన గొంతేలే. ఊరకుండు."

దాని నోటికి చేయి అడ్డం పెట్టాను. నిజానికి అది నాయనే. ఒక చోట ఒకసారి పిలిచి, చెవి రిక్కించి విని, జవాబు లేక ఇంకో చోటికి పోతున్నాడు. ఆ గొంతు మెల్లగా దూరమవుతోంది... మేమిద్దరం ఊపిరి బిగబట్టి, దేవుడా కాపాడు అని ప్రార్థన చేసుకుంటున్నాం. దేవుడు పంపిన మనిషినే దయ్యం అనుకుని దేవుడికి మొరపెట్టుకోవడం... ఈ పని ఎంతమందిమి చేయడం లేదు చెప్పండి?

మమ్మల్ని బతికించింది అవ్వే. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. కర్ర పొడుచుకుంటూ చెరువు కట్ట మీదికొచ్చి నాయనను తిట్టిందంట.

"ఒకసారి పిలిచి పోతాండావేమిరా? ఒకసారి పిలిస్తే పలకొద్దని పిల్లోళ్లకు నేనే చెప్పినా. మూడుసార్లు పిలువు."

నాయన మళ్లీ వెనక్కి వచ్చాడు.

"ఏసోబూ... ఏసోబూ... ఏసోబూ..."

మూడోది పూర్తి కాకముందే మార్త నా చేతిని కొరికి, "నాయనా" అని అరిచింది.

కంపలను చేతులతో తోసుకుంటూ వచ్చాడు. చొక్కా చినిగిపోయింది, మోచేతుల నిండా నెత్తురు. సీసాలో నీళ్లు మార్త పెదాల మీద చుక్క చుక్కగా పోశాడు. అది గుటక వేసే దాకా తను ఊపిరి తీసుకోలేదు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏమిరా, మీ నాయన గొంతు తెలీదా నీకి?"

"తెలుసు నాయనా. దయ్యం గూడా నీ గొంతుతోనే పిలుస్తాదేమోనని..."

కొడతాడనుకున్నాను. నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"దయ్యానికేం పని రా... నీకోసం ఈ ముళ్లల్లో పడి తిరిగేకి?"

పిలిచి పిలిచి ఆ గొంతు బొంగురుపోయి ఉంది.

ఆ రోజు మొదలు మా నాయన బతికినన్నాళ్లూ మమ్మల్ని దేనికి పిలిచినా మూడుసార్లు పిలిచేవాడు... సంగటి తినడానికైనా సరే. వీధిలో వాళ్లు నవ్వేవాళ్లు. "ఏమన్నా, నీ పిల్లోళ్లకు చెవుడా?" అనేవాళ్లు. "చెవుడు కాదప్పా, భయం" అనేవాడు.

నేను బడి చదువు మధ్యలో వదిలేసి, దేవుడి లేఖనం ఒక్కటే ముందు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కున్నవాణ్ని. అందులో ఒక పసివాడు ఉన్నాడు. పడుకుని ఉంటే దేవుడు పేరు పెట్టి పిలిచాడు. ఆ గొంతు ఎవరిదో వాడికి తెలియలేదు, లేచి ఇంకో మనిషి దగ్గరికి పరుగెత్తాడు. దేవుడు కోపగించుకుని పోలేదండీ. మళ్లీ పిలిచాడు. మళ్లీ పిలిచాడు... అది చదివిన ప్రతిసారీ నాకు మా నాయన చేతుల మీది ముళ్ల గీతలే కనిపిస్తాయి.

ఇప్పుడు మా కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. అందరి చేతుల్లో ఫోను, ఫోనులోనే దారి. ఇక తప్పిపోవడానికి చోటే లేదంటారు. అబద్ధం. ఒకే ఇంట్లో, గదికొకరం తప్పిపోయి ఉన్నాం. తోడబుట్టినవాడికి ఒకసారి ఫోన్ చేస్తాం, ఎత్తడు... "నేను పిలిచాను, వాడే పలకలేదు" అని చేతులు దులుపుకుంటాం. పొగరుతో పలకలేదో, భయంతో పలకలేదో ఎవరు అడిగారు?

మీరు పలకకపోయినా మిమ్మల్ని మళ్లీ పిలిచినవాళ్లు ఎవరో కింద రాయండి, ఒక్కొక్కటీ చదువుతాను. కానీ అంతకంటే ముందు ఒక పని. పలకలేదని మీరు వదిలేసిన మనిషి ఒకరున్నారు... ఆ పేరు ఇప్పటికే మీ నోటి దాకా వచ్చింది. రేపు అనకండి, ఆదివారం అనకండి. ఈ ఫోను చేతిలో ఉండగానే, పొద్దు ఉండగానే పిలవండి. పలకకపోతే మళ్లీ పిలవండి.