లోపలే కరిగే గుడ్డ

హిందూపురంలో మా ఆయనకు పిత్తాశయం తీసేసే ముందు, ఆయన ఏయే మాత్రలు వాడుతున్నాడని డాక్టరు నన్నే అడిగాడు. పెనుకొండలో మా ఇంట్లో మాత్రలు తీసిచ్చేది నేనే. పొద్దున షుగరుది, రాత్రి బీపీది. ఏది ఎప్పుడు మొదలైందో, మోతాదు ఎప్పుడు మారిందో చీటీ చూడకుండా చెప్పాను.

"రక్తం పలచబడే మాత్ర ఏమన్నా?"

"లేదు," అన్నాను. ఆయన పక్కనే కూర్చుని చొక్కా గుండీ సర్దుకుంటున్నాడు.

ఆపరేషన్ మధ్యలో నర్సు వచ్చి నా చేతిలో చీటీ పెట్టింది. కింద మందుల షాపులో ఇచ్చిన ప్యాకెట్టు అరచేయంత కూడా లేదు.

"రక్తం నిలబళ్లేదమ్మా. ఈ గుడ్డ కార్జం మీద పరుస్తారు. మళ్లా తీసే పన్లేదు, కొన్ని వారాల్లో లోపల్నే కరిగిపోతాది," అంటూ దాన్ని తీసుకుని పరుగెత్తింది.

ధర్మవరం నుంచి వచ్చిన ఆడబిడ్డ బెంచీ మీద ఏడుపు అందుకుంది. "నీకు చెప్పమని చెప్తానే ఉంటి వదినా. అన్న ఇనలే."

"ఏం చెప్పమని?"

రెండేళ్ల కిందట వాళ్లింట్లో ఉండగా ఆయనకు మూతి వంకరపోయి, చెయ్యి కాసేపు పడిపోయిందట. అక్కడి డాక్టరు రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకోమన్నాడట. ఆమె నెలనెలా కొని పంపేది, ఆయన తన అంగడిలో వేసుకునేవాడు. అంగడి సామానని వచ్చే ఆ పొట్లాలను విప్పకుండా తీసుకెళ్లి ఇచ్చింది నేనే.

రక్తం ఆగింది. ఆయన లేచి కూర్చునేదాకా ఓపిక పట్టాను.

"డాక్టరు అడిగినప్పుడు ఆడనే ఉంటివి కదా. నోరు యాడ పెట్టుకోనుంటివి?"

"నువ్వు లేదని గట్టిగా చెప్పేస్తివి. ఇంగ నేనేం చెప్పేది? తెలిస్తే అంగడి మూపిస్తావు, అన్నం మెతుకులు గూడా లెక్కబెడ్తావు."

ఆడబిడ్డ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయనా కుట్లు పట్టుకుని నవ్వాడు. ఈ మాట వాళ్లిద్దరి మధ్య కొత్తది కాదని ఆ నవ్వు చెప్పింది.

కొన్ని నెలల తర్వాత స్కాన్ తీశారు. గుడ్డ ఆనవాలు కూడా లేదన్నాడు డాక్టరు. కలం తీసి, అలవాటుగా నా వైపే తిరిగాడు.

"ఇప్పుడేం మాత్రలు వాడుతున్నాడమ్మా?"

నాకు తెలియదన్నాను. మా ఆయన మాత్రల చీటీ కోసం చొక్కా జేబు తడుముకున్నాడు.