ముంతెడు ఈస్టు

"పిండి పొంగిందా మే?" అన్నాడు మా ఇంటాయన. "పొంగుతుండాదిలే, నువ్వు కళ్లు మూసుకో" అన్నాను. మా ఇద్దరి చివరి మాటలు అవే. (అప్పటికి మా బన్నుల బట్టీ ఆరిపోయి ఏళ్లయింది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.) ఎందుకట్లా అడిగాడో చెబుతాను, రాసుకో మనవరాలా.

ఆ రోజుల్లో ఆత్మకూరులో బన్ను పొంగాలంటే కల్లే దిక్కు. తొట్టెడు మైదాకు ముంతెడు కల్లు పోసి పిసికేవాళ్లం. నేను కాపురానికొచ్చిన ఏడాదే సర్కారు కల్లు ఆపేసింది. తాగేవాళ్ల ఏడుపు అందరూ విన్నారు, మా ఏడుపు ఎవరు విన్నారు? ఇడ్లీ పిండి కలిపి చూశాం, బన్ను గుండ్రాయయింది. పుల్ల మజ్జిగ పోసి చూశాం. మా దగ్గర సరుకు కొనేది ఒక్క టీకొట్టాయనే. ఆయన ఆ బన్ను కొరికి, "ఇది టీలో ముంచేదా, గోడకు మేకు కొట్టేదా? రేపు గూడా ఇంతే అయితే నెల్లూరు నుంచి తెప్పించుకుంటా" అన్నాడు. అదే జరిగితే బట్టీ మూసేసి మా ఆయన మళ్లీ లారీ క్లీనరుగా పోవాలి. పోతే పదిహేను రోజులకు గానీ మనిషి కనపడడు. నాకు అదే భయం.

మా ఆయన ఆ రోజే నెల్లూరు పోయి ఈస్టు డబ్బా తెచ్చాడు. మరునాడు పొద్దున్నే, "కల్లుకు బదులు ఇది ఎయ్యి" అని చెప్పి కట్టెల కోసం మర్రిపాడు పోయాడు. కల్లు ముంతెడైతే దాని బదులూ ముంతెడే కదా. (డబ్బా మీద ఏదో రాసుంది. నాకు చదువేది?) ఎండ ఎక్కేసరికి పిండి తొట్టి మీది మూతను పైకి లేపింది. రాయి పెట్టాను. రాయినీ లేపింది. ఇక చేసేదేంలేక చెక్క పలక వేసి దాని మీద నేనే కూర్చున్నాను.

"పిండి పొంగిందా మే?" అంటూ ఆయన వచ్చాడు. నన్ను చూసి, "ఏంది, కోడి మాదిరి పొదుగుతుండావు?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. "నువ్వు లారీ ఎక్కిపోతావు" అన్నాను.

ఆయన కట్టెలు దించి, ఉన్న మైదా అంతా తెచ్చి ఆ పిండిలో కలిపాడు. వీధిలోని పళ్లేలన్నీ అడుక్కొచ్చి బన్నులు కాల్చాం. ఒక్కొక్కటీ తలకాయంత. టీకొట్టాయన వాసన చూసి, "కల్లు యాడ దాచినారయ్యా?" అన్నాడు. ఎవరు చేశారని అడిగితే మా ఆయన, "చేసింది ఆమే. కొలత చెప్పకుండా పోయింది నేను" అన్నాడు. ఆ మాటకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. సాయంత్రానికి బన్నులన్నీ అయిపోయాయి. మరునాడు టీకొట్టు దగ్గర గిరాకీ జనం, "నిన్నటంత లావుది లేదా?" అని గొడవ.

లారీ మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు. ఆయన బట్టీ గోడ మీద బొగ్గుతో ఈస్టు కొలత 'చెంచా' అని రాసి, నా చేత రోజూ దిద్దించాడు. నాకు వచ్చిన మొదటి అక్షరాలు అవే. మిగతావి పెద్దగా రాలేదు. అప్పటినుంచి బట్టీ దగ్గరకు వచ్చినప్పుడల్లా ఆయన అడిగేది 'పిండి పొంగిందా' అన్న ఆ ఒక్క మాటే, నవ్వుకుంటా. ఇప్పటికీ బన్ను చూస్తే పలక మీద కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. ఎంత బరువుండేదని, పిండిని ఆపడానికి.

రాసినావా మే? ఏదీ, మొదటి నుంచి చదువు. ఆయన అడిగే కాడ కొంచెం నిదానంగా చదువు.